జోజమ్మ బారెడు గోడ

జోజమ్మ కొడుకు కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం చేస్తాడు. ఈ ఒక్క ముక్క చెబితే ఆమె సంగతి సగం చెప్పినట్టే. ఆకాశంలో మబ్బు కనబడితే రాళ్లగుంటపాలెంలో అందరూ పత్తిచేల గురించి కంగారుపడతారు, జోజమ్మ స్తంభాల గురించి కంగారుపడుతుంది. పొద్దున్నే కాకి అరిస్తే ఏం కబురు వస్తుందోనని భయం. అరవకపోతే కాకికే కరెంటు కొట్టింది కాబోలు, ఇక నా కొడుకు సంగతేమిటని భయం.

"నీ భయాలన్నీ నిజమైతే ఈ ఊళ్లో ఈపాటికి ఒక్క మనిషి మిగలకూడదే," అంటాడు ఆమె భర్త చిన్నప్ప.

"నేను భయపడబట్టే మిగిలారు," అంటుందామె.

కొన్నేళ్ల కిందట ఆమె కొడుకు బాలశౌరి నిజంగానే స్తంభం మీంచి జారి, కింద ఎవరిదో గడ్డివాము ఉండబట్టి భుజం ఎముక ఒక్కటి విరగ్గొట్టుకుని బయటపడ్డాడు. ఆస్పత్రి వరండాలో కూచునే జోజమ్మ ఊరి చర్చిలో కొలువున్న పునీత శౌరివారికి మొక్కుకుంది. బిడ్డ లేచి తిరిగితే, తాను బతికున్నన్నాళ్లూ ఏటా ఆయన పండగకు మొదటి గంట కొట్టేలోగా చర్చి గోడకు తన చేత్తో బారెడు వెల్ల వేస్తానని.

ఇది ఆమె కనిపెట్టిన మొక్కు కాదు, ఆ ఊరి ఆచారమే. రాళ్లగుంటపాలెం చర్చి గోడ చుట్టూరా మొక్కుబడి వాళ్లకు బారెడేసి పంచి ఉంటుంది. చేతులు రెండూ చాపి గోడకు ఆనుకుని నిలబడితే ఈ కొస వేలినుంచి ఆ కొస వేలిదాకా మనది. అత్తది కోడలికి వస్తుంది. పొలం గట్టు దగ్గరైనా ఊరుకుంటారేమో గాని, ఒకరి కుంచె ఇంకొకరి బారలోకి జరిగితే ఊరుకోరు. జోజమ్మకు దక్షిణం వైపు, రెండో కిటికీ పక్కన దొరికింది. ఆ పక్క బార లూర్దమ్మది. ఆవిడ సున్నంలో నీలిమందు కాస్త ఎక్కువ కలుపుతుంది, అందుకని గోడ అక్కడికొచ్చేసరికి నీలంగా చలేస్తున్నట్టుంటుంది.

చర్చి కూడా అలాంటిదే, తలా ఒక చెయ్యి వేస్తే తయారైంది. ఎవరో దొర ఫాదరు గుర్రం మీద వచ్చి పునాది తీయించాడట. రాళ్లకు ఎక్కడికో పోనక్కర్లేకుండా, కొండమీద కూలిపోయిన కోట ఉంటే దాన్ని దించుకొచ్చారు. బెల్లం, కరక్కాయ వేసి సున్నం గానుగాడించారు. ఇప్పటికీ వానాకాలంలో గోడకు చీమలు పడతాయి. స్తంభాలు చెక్కినవాడు గుళ్లు కట్టే మేస్త్రీ. దొర బొమ్మ గీసి ఇచ్చినా వాడి ఉలి వినలేదు, పైన తామరపూలు పూయించింది. గాలివాన తరవాత గంట గోపురం లేచింది, ఇంకెప్పుడో తాటాకు తీసి బెంగుళూరు పెంకులు పరిచారు, లూర్దమ్మ మామగారి హయాంలో ముందు సిమెంటు వరండా వచ్చింది. గోడల మందం ఎంతంటే, వేసవిలో కిటికీ అరుగు మీద మనిషి కాళ్లు చాపుకుని నిద్రపోవచ్చు. పోతారు కూడా, ప్రసంగం పొడుగైనప్పుడు.

ఆ ఏడు పండగకు ఇంకా రెండు నెలలుందనగా ఊళ్లోకి జీపు వచ్చింది.

జీపులోంచి పురాతన కట్టడాల ఉపసంచాలకులు చిదంబరరావుగారు దిగారు. ఆయన ఆమధ్య శిక్షణకని విదేశం వెళ్లి, అక్కడ పల్లెల్లో మధ్యయుగం నాటి చర్చీలు చూసి, మన జిల్లాల్లో అలాంటిదొకటైనా లేకపోవడమేమిటని బెంగపెట్టుకున్నారు. ఆ బెంగలోంచి పుట్టిన పథకం పేరు 'జిల్లాకొక మధ్యయుగం'. కోటలు, గుళ్లు శాఖలో మిగతా అధికారులు ముందే పంచేసుకున్నారు. మిగిలింది రాళ్లగుంటపాలెం చర్చి.

"ఫాదరుగారూ, ఈ కట్టడము ఏ శతాబ్దికి చెందినదని తమ అభిప్రాయము?" అని అడిగారాయన.

"మా తాతల తాతల నాటిదంటారండి. ఓ రెండొందల ఏళ్లుండొచ్చు," అన్నారు ఫాదర్ ఇన్నాసి. ఆయన నెమ్మదైన మనిషి, ఎవరేమన్నా ముందు తల ఊపుతారు.

"అభిప్రాయమునకును నిర్ధారణకును భేదము కలదు. నిర్ధారణ మేము చేసెదము. మాకీ జిల్లాలో మధ్యయుగమొకటి అత్యవసరముగా కావలసియున్నది."

ఫాదరుగారు తల ఊపారు. మర్నాటికల్లా చర్చి ముందు రెండు ఇనపకాళ్ల మీద నీలం రేకు బోర్డు లేచింది. అయిదో తరగతి చదివిన జోజమ్మ దాన్ని కూడబలుక్కుని చదివింది. మధ్యయుగ గ్రామ చర్చి. రక్షిత కట్టడము. దీని మూలస్థితికి భంగము కలిగించుట, సున్నము పూయుట, రంగు వేయుట శిక్షార్హము.

సున్నం అన్నచోటికి మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకోసారి చదివింది. కొంగు బిగించుకుని నేరుగా చిదంబరరావుగారి దగ్గరికి పోయింది.

"అయ్యా, ఊరందరి సంగతి నాకు తెల్దు. నా బార ఒక్కటీ ఏసుకోనీయండి. మొక్కు."

"అమ్మా, మీరు బార అనుచున్నది మా రికార్డులలో దక్షిణ కుడ్యము, మూడవ ఖండము."

"పేరేదైనా పెట్టుకోండయ్యా. ఎల్ల ఎయ్యకపోతే నా కొడుకు స్తంభం మీంచి పడతాడు."

చిదంబరరావుగారు చెడ్డమనిషి కారు. ఆయన ముఖం నిజంగానే కలత చెందింది. వెనక నిలబడ్డ సహాయకుడు గోపాలం వైపు తిరిగి, "ఇట్టి సందర్భమునకు నియమావళిలో ఏమైనను కలదా?" అన్నారు. గోపాలం పెదవి విరిచాడు.

"చింతింపకుడు తల్లీ. ముందు మూలస్థితి ఏదో తేలనిండు. మూలస్థితిలో వెల్ల ఉన్నదని తేలినచో మీ బార మాత్రమే కాదు, గోడ మొత్తము మా శాఖయే వేయించును. లేదని తేలినచో మీరు కోరిననూ వేయరాదు."

ఆనాటినుంచీ జోజమ్మకు మూలస్థితి మీద ఆశ పట్టుకుంది. అది ఎక్కడుందో, ఎప్పుడు తేలుతుందో తెలియదు. రోజూ గిన్నెలు తోమి, చర్చి దగ్గరికి పోయి, "తేలిందా అయ్యా?" అని అడిగి వచ్చేది.

తేల్చడమంటే తీసెయ్యడమని నాలుగురోజుల్లో తెలిసింది. ఏదేది మధ్యయుగానిది కాదో అదంతా 'తరువాతి చేర్పు'. ముందుగా వెల్ల గీకారు. ఊరి మొక్కులన్నీ పెచ్చులు పెచ్చులుగా రాలాయి. తన బార దగ్గర ఇనపబద్ద కర్రుమంటుంటే జోజమ్మకు కొడుకు ఒంటిమీద గీకుతున్నట్టే అనిపించింది. కొంగు పట్టి దొరికినన్ని పెచ్చులు ఏరుకుంది.

మర్నాడు బాలశౌరి పనిసంచిలో చెయ్యిపెట్టి, "అమ్మా, ఈ పెచ్చులేంది?" అన్నాడు.

"ఉండనీయ్ నాయనా. నీయే."

"పప్పులో గూడా ఉన్నయ్యి."

"అయ్యి పొరపాటున పడ్డయ్యి. తీసేసి తిను."

వెల్ల తరవాత ఫ్యాన్లు పోయాయి, ట్యూబులైట్లు పోయాయి, మైకు పోయింది. మైకు పోయినందుకు ఎవరూ బాధపడలేదు. ఆపైన వరండా వంతు వచ్చింది. లూర్దమ్మ దానికి అడ్డం నిలబడింది.

"ఇది మా మామగారు కట్టిచ్చింది. పేరు గూడా చెక్కుంది చూసుకోండి."

"మీ మామగారు మధ్యయుగమునకు చెందినవారా?" అని అడిగారు చిదంబరరావుగారు. ఆయన ఎగతాళి చేయలేదు, ఆశగానే అడిగారు.

"మాతో మాట్టాడేటప్పుడు అట్టానే ఉండేవాడండి," అంది లూర్దమ్మ.

అయినా లాభం లేకపోయింది. వరండా పోయింది. దాని వెనక గంట గోపురం పోయింది. గంటను వేపకొమ్మకు కట్టారు. ఇందులో జోజమ్మకు కాస్త ఊరట దొరికింది. ఆ గంట ఏదో ఒకనాడు తెగి ఎవరి నెత్తినో పడుతుందని ఆమెకు ఎప్పటినుంచో అనుమానం. ఆ సాయంత్రమే, మరి వేపకొమ్మ విరిగితేనో అని ఇంకో అనుమానం పుట్టి ఊరట పోయింది.

పెంకులు దించిన ఆదివారం ఫాదరుగారు ఎండలో పూజ చేయాల్సి వచ్చింది. ఎవరో జాలిపడి గొడుగు పట్టారు. చిదంబరరావుగారు పూజ అయిందాకా మర్యాదగా ఆగి, పక్కకు పిలిచి చెప్పారు.

"ఫాదరుగారూ, మధ్యయుగమున ఛత్రము రాజులకు మాత్రమే చెల్లును. తమరు అన్యథా భావింపరాదు."

ఫాదరుగారు తల ఊపారు. తరవాత ఆదివారం తడిగుడ్డ వేసుకుని చేశారు. తడిగుడ్డ ఏ కాలానికైనా సరిపోతుందని గోపాలం ధ్రువీకరించాడు.

"తేలిందా అయ్యా?" అని జోజమ్మ అడుగుతూనే ఉంది. పండగ దగ్గరికొచ్చింది. ఇంట్లో కుండలో సున్నం నానబెట్టి, పైన మూత పెట్టి, మూతమీద రాయి పెట్టింది, పిల్లి పడుతుందని. బాలశౌరి బయటికి పోయేటప్పుడల్లా, "ఇయ్యాల స్తంభమా, మోటారా?" అని అడిగేది. మోటారంటే అన్నం తినేది.

చివరికొక మధ్యాహ్నం చిదంబరరావుగారు గోడ దగ్గర నిలబడి కళ్లు తుడుచుకోవడం జోజమ్మ చూసింది. ఏం ముంచుకొచ్చిందోనని పరుగున పోయింది.

"తల్లీ, తేలినది. ఈ రాళ్లు కొండపైని కోటవి. కోట మధ్యయుగము నాటిది. గావున ఈ రాళ్లు సాక్షాత్తు మధ్యయుగము."

"దేవుడికి స్తోత్రం. అయితే గోడ గూడా మధ్యయుగమే గదా అయ్యా?"

అప్పుడు గోపాలం దగ్గాడు. "సార్, రాళ్లు కోటవే గాని, గోడ రెండువందల ఏళ్ల కిందట కట్టినది."

చిదంబరరావుగారు గోడకేసి చూశారు. సూత్రానికి కట్టుబడ్డ మనిషి పడే బాధ ఆయన మొహంలో కనబడింది.

"రాళ్లు మూలము," అన్నారు నెమ్మదిగా. "అవి ఒకదానిపై నొకటి ఉండుట తరువాతి చేర్పు."

ఉత్తర్వు అయిపోయింది. ప్రతి రాయికీ అంకె వేసి, జాగ్రత్తగా దించి, నేలమీద పరచాలి. అదే మూలస్థితి. ముందు ఉత్తరపు గోడ, పండగ నాటికి దక్షిణపు గోడ. పండగనాడే పై అధికారులొచ్చి మూలస్థితిని ఆవిష్కరిస్తారు.

జోజమ్మ ఆయనకు అడ్డం వెళ్లింది. "మరి ఆ మూలస్థితిలో ఎల్ల ఉందా అయ్యా?"

"మూలస్థితిలో గోడయే లేదు గదా తల్లీ," అన్నారాయన, ఎంతో జాలిగా.

ఉత్తరపు గోడ మోకాటెత్తుకు దిగేసరికి పండగ ముందురోజు వచ్చింది. సాయంత్రం తేరు కదిలేముందు మొదటి గంట కొడతారు. ఆలోగా వెల్ల పడాలి. మధ్యాహ్నంనుంచి దక్షిణపు గోడ దించుతారని కబురు. జోజమ్మ ఒక నిర్ణయానికొచ్చింది. శిక్ష వేస్తే వేస్తారు, జైల్లో పెడితే చిన్నప్ప వండుకుంటాడు. సున్నం కుండ చంకనెత్తుకుని, కుంచె చేతబట్టుకుని బయల్దేరింది.

చర్చి మలుపు తిరిగేసరికి ఆమె ఇన్నాళ్లూ భయపడ్డది కళ్లెదుట కనబడింది. నీలం బోర్డు పక్కనున్న కరెంటు స్తంభం కింద బాలశౌరి నడుముకు తాడు బిగించుకుంటున్నాడు. రేపు అధికారులు వచ్చేసరికి బోర్డు మీద దీపం వెలగాలట. కనెక్షన్ ఇమ్మని పై నుంచి ఫోనొచ్చింది.

కుండ కింద దించి పోయి స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుంది జోజమ్మ.

"ఎక్కబాక నాయనా. మొక్కు తీరలేదు. ఇంకా తీరలేదురా."

"అమ్మా, లైను ఆపిచ్చే వచ్చా. నలుగురూ చూస్తున్నారు, పరువు తీయబాక."

"పరువు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు."

"ఏమి ఆటంకము?" అంటూ చిదంబరరావుగారు వచ్చారు. వెనక గోపాలం. ఆ వెనక రాళ్లు దించే కూలీలు, గడ్డపారలతో. లూర్దమ్మ, చిన్నప్ప, ఫాదరుగారు అందరూ చేరారు.

జోజమ్మ స్తంభం వదలకుండానే తల తిప్పింది. ఏం అడగాలో ఆలోచించి అడిగిన మాట కాదది. ఈ రెండు నెలలూ ఊళ్లో ఏది కనబడితే దాన్ని చూపించి ఆయన అడుగుతున్న ప్రశ్నే, భయానికి ఆమె నోట్లోంచి వచ్చింది.

"అయ్యా, ఆ రోజుల్లో కరెంటు ఉందా?"

"ఏ రోజులలో?"

"అదే, మీ మధ్యయుగంలో."

చిదంబరరావుగారు స్తంభాన్ని కిందినుంచి పైదాకా చూశారు.

"లేదు," అన్నారు.

"సార్, దీపం మన బోర్డు కోసం..." అని గోపాలం ఏదో అనబోయాడు.

"దీపము తరువాతి చేర్పు. బాలశౌరీ, నీవు పోవచ్చును."

బాలశౌరి తాడు విప్పాడు. జోజమ్మ ఊపిరి పీల్చుకుంది గాని, ఆమె ఊపిరి ఎప్పుడూ సగంలోనే ఆగుతుంది. ఈసారి బోర్డు దగ్గర ఆగింది. రేకు బోర్డు, ఎత్తుగా ఉంది, పైన తీగలున్నాయి, ఇది గాలివానల కాలం.

"అయ్యా, గాలికి ఆ రేకు ఎగిరి తీగ మీద పడితే మళ్లీ ఎక్కాల్సింది నా కొడుకే. ఆ రోజుల్లో రేకు బోర్డులుండేయా?"

"ఉండెడివి కావు," అన్నారు చిదంబరరావుగారు. "తొలగింపుడు."

"సార్," అన్నాడు గోపాలం, "బోర్డు లేనిదే ఇది రక్షిత కట్టడం కాదు. రక్షిత కట్టడం కానిచోట శాఖకు పని లేదు."

"శాఖ," అన్నారు చిదంబరరావుగారు. ఆ మాట పట్టుకుని ఆయన సహాయకుడి వైపు తిరిగారు. "గోపాలం, మన శాఖ ఎప్పుడు ఏర్పడినది?"

"మొన్నమొన్ననే సార్. మా నాన్నగారి చిన్నతనంలో."

ఇంకొకరైతే ఆ మాట వినబడనట్టు ఊరుకునేవారు. చిదంబరరావుగారు అలాంటివారు కారు. నిటారుగా నిలబడి, కూలీలకు, ఊరివాళ్లకు, వేపకొమ్మమీది గంటకు వినబడేలా ప్రకటించారు.

"ఈ ఆవరణయందు శాఖ కూడ తరువాతి చేర్పే. శాఖ తనను తాను తక్షణము తొలగించుకొనుచున్నది. రేపటి ఆవిష్కరణ రద్దు. ఆవిష్కరించుటకు మనము మిగులము."

గోపాలం జీపు తాళాలు తీశాడు. చిదంబరరావుగారు చెయ్యెత్తి ఆపారు. ఆవరణ దాటేవరకు ఇంజను పనికిరాదన్నారు. అప్పుడు రాళ్లగుంటపాలెం మగవాళ్లంతా ఎవరూ పిలవకుండానే వచ్చి జీపుకు భుజాలు ఆనించారు. ఊరి పొలిమేర దాకా ఎక్కడా ఆగకుండా తోసి వచ్చారు. ఆవరణ అక్కడిదాకా లేదని అప్పుడెవరికీ గుర్తు రాలేదు.

వాళ్లు తిరిగొచ్చేసరికి జోజమ్మ గోడకు ఆనుకుని రెండు చేతులూ చాపి తన బార కొలుచుకుంటోంది. వెల్ల గీకేశాక హద్దులు పోయాయి. పక్కన లూర్దమ్మ కూడా చేతులు చాపింది.

"నీ వేలు నా వేలు మీదకొచ్చింది వదినా," అంది లూర్దమ్మ.

"ఇయ్యాలొక్కరోజు రానీయవే."

మొదటి గంట కొట్టేసరికి దక్షిణం వైపు మొక్కుబడి వాళ్లందరితో పాటు జోజమ్మ కూడా వెల్ల ముగించి కుంచె కుండలో వేసింది. దక్షిణపు గోడ తెల్లగా, ఒక్కచోట నీలంగా మెరిసింది. పైకప్పు లేదు, గోపురం లేదు, వరండా లేదు, ఉత్తరాన మోకాటెత్తు రాళ్లు. అయినా పండగ జరిగింది. ఫాదరుగారు ఎండలో మొదలుపెట్టిన ప్రసంగం కాబట్టి పొట్టిగా ముగించారు. ఊరు అందుకు కూడా స్తోత్రం చెప్పుకుంది.

పండగ మర్నాటినుంచి ఉత్తరపు గోడ మొక్కుబడి వాళ్లు రాళ్లు ఎత్తడం మొదలుపెట్టారు. మేస్త్రీకి పెద్ద కష్టం కాలేదు, ఏ రాయి పక్కన ఏ రాయో శాఖవాళ్లు అంకెలు వేసి పెట్టారు. చిదంబరరావుగారు ఆ చర్చికి చేసిన ఉపకారం ఊరు ఇప్పటికీ మరిచిపోలేదు. బెల్లం, కరక్కాయ తెచ్చి సున్నం గానుగాడించారు. చీమలు కూడా తిరిగొచ్చాయి.

ఆఖరి వరస పేర్చిన రోజు ఫాదరుగారు జోజమ్మ పక్కనొచ్చి నిలబడ్డారు. బాలశౌరి ఎదురుగా స్తంభమెక్కి చర్చిలోకి తీగ లాగుతున్నాడు. జోజమ్మ వాణ్ణి చూడకుండా గోడను చూస్తోంది.

"ఇంక భయమేం లేదుగా జోజమ్మా? మొక్కు తీరింది, గోడ లేచింది."

"లేదండి," అంది జోజమ్మ. "ఫాదరుగారూ, ఒకటడగనా? మధ్యయుగం అవ్వాలంటే ఎన్నేళ్లు పట్టుద్దండి?"

"ఎందుకమ్మా?"

"ఈ గోడ ఇప్పుడు గట్టిగా పేర్చారు గదా. ఇంకో అయిదారొందల ఏళ్లు నిలబడిందనుకోండి. అప్పుడిది నిజంగానే మధ్యయుగం అయికూచుంటే, ఆ జీపోళ్లు మళ్లీ వస్తే?"

వెనకే ఉన్న చిన్నప్ప నెత్తి కొట్టుకున్నాడు. "అప్పటికి నువ్వుండవు గదే పిచ్చిదానా."

"అదే గదా నా భయం," అంది జోజమ్మ.